సరంగుగారి గోడ

గోడకి మేకులు కొడుతుంటే ఫెన్నా చేతిలో ఇస్త్రీపెట్టె ఉంది. డాక్టరుగారింటి దుప్పటి సగం నున్నగా అయింది, సగం ముడతలతోనే బల్లమీద పడి ఉంది. ఇళ్ళు అద్దెకిచ్చే సంఘం పంపిన వడ్రంగులిద్దరూ మర్యాదస్తులే. చెక్కజోళ్ళు గుమ్మం బయట విప్పి, మేజోళ్ళతోనే మెట్లెక్కారు. "పొద్దున్నే వచ్చి ఇబ్బంది పెడుతున్నాం, ఏమనుకోకమ్మా" అని కూడా అన్నారు. ఆ తరవాత మేడమీద ఉన్న, అటూ ఇటూ జరిగే గోడలన్నీ ఒక్కొక్కటే లాగి మూసి, అడుగున చెక్కపట్టీలు పెట్టి, మేకులు నేలలోకి దించేశారు.

"సోమవారం తాపీవాళ్ళు వస్తారమ్మా. ఇటుకతో గోడలు లేపుతారు. అందాకా వీటిని ఎవరూ జరపకుండా ఈ పట్టీలు" అన్నాడు పెద్ద వడ్రంగి.

"ఈ ఇంట్లో ఎవరున్నారని జరపడానికి?"

"మీరే కదమ్మా" అన్నాడతను, సుత్తి చంకలో పెట్టుకుంటూ. అబద్ధం చెప్పడం రాని మనిషి.

ఓస్టర్‌డీప్ కాలవ గట్టున ఒకే వరసలో ఉన్న ఆరిళ్ళలో అదొకటి. జర్మన్లతో యుద్ధానికి ముందు ఎల్లెర్‌కాంప్ అనే ఆర్కిటెక్టు కట్టాడు. ఊళ్ళో మిగతా ఇళ్ళకి నిటారు పెంకుల కప్పులుంటే వీటికి చదును డాబా. మిగతా ఇళ్ళకి చిన్న కిటికీలుంటే వీటికి ముందువైపంతా అద్దమే. మేడమీద గదులు లేవు, ఒకటే హాలు. కప్పుకి పట్టాలు, పట్టాలకి వేలాడే పలచని చెక్క గోడలు. రాత్రి లాక్కుంటే మూడు గదులు, పొద్దున తోసేస్తే మళ్ళీ ఒకటే హాలు. ఊరంతా ఆ ఇళ్ళని బిస్కట్ డబ్బాలనేవాళ్ళు. ఉన్నవాళ్ళు కూడా అలాగే అనేవాళ్ళు. జరిగే గోడకి బీరువా ఆనించలేం, తాతగారి ఫొటో తగిలించలేం, ఇదేం ఇల్లు అని అందరూ కలిసి సంఘానికి మొరపెట్టుకుంటే, సంఘం ఇన్నేళ్ళకి కరుణించి ఇటుక గోడలు మంజూరు చేసింది. మొరపెట్టుకోనిది ఫెన్నా ఒక్కతే.

ఆమెకి ఆ గోడలంటే ప్రాణం. ఎందుకంటే వెనకవైపు మూల మంచంమీద ఆమె తండ్రి రూల్ఫ్ సరంగు ఉన్నాడు. తుంటి ఎముక విరిగినప్పట్నించీ ఆయన మెట్లు దిగలేదు. మంచంమీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచంమీదికి, అంతే లోకం. కానీ పొద్దున్నే గోడలు తోసెయ్యగానే ఆ మూల మంచం మీదికి ముందువైపు అద్దాల్లోంచి కాలవంతా వచ్చేసేది. లాకు తలుపులు తెరవడం, పడవలు ఆగడం, కదలడం, సరంగుల కేకలు, అన్నీ ఆయన పడుకునే చూసేవాడు. యాభై ఏళ్ళు ఆ కాలవమీదే సరుకు పడవ నడిపిన మనిషి. మేకులు పడ్డాక ఆ మూల చీకటి గదైపోయింది. వెనకవైపు కిటికీలోంచి కోళ్ళ గూళ్ళూ, ఆరేసిన బట్టలూ తప్ప ఏమీ కనబడవు.

వడ్రంగులు వెళ్ళిపోయారు. చాలాసేపటికి బయట ఎక్కడో ఇంజను చప్పుడయింది.

"అమ్మాయ్, అదెవరి పడవే?"

ఫెన్నా ముందు గదిలోకి పోయి, చూసొచ్చి చెప్పింది. "బంగాళాదుంపల పడవ నాన్నా. కొత్తవాళ్ళు."

"ఊ."

కాసేపటికి ఇంకో పడవ. మళ్ళీ అడిగాడు. మళ్ళీ వెళ్ళి చూసొచ్చి చెప్పింది. మూడోసారి చప్పుడైనప్పుడు ఆయన అడగలేదు. కూతుర్ని పనిలోంచి లేపడం ఇష్టం లేక గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఫెన్నాకి ఒళ్ళు మండింది. దుఃఖం కూడా వచ్చింది గానీ, ముందు వచ్చింది మాత్రం మంటే.

*

మర్నాడు ఇస్త్రీ బట్టలు డాక్టరుగారింట్లో ఇచ్చేసి, అటునించి అటే సంఘం ఆఫీసుకి పోయింది. అధ్యక్షుడు టోంకెన్స్ గారు కాఫీ తాగుతున్నాడు. పక్కన ఇళ్ళు తనిఖీ చేసే ఫోస్ మేడమ్ ఉంది. ఆవిడ ఎవరింటికి వెళ్ళినా ముందు తలుపు పైఅంచుమీద వేలు రాసి చూసి, తరవాత పలకరిస్తుంది. ఫెన్నాకి కూడా ఒక కప్పు కాఫీ పోశారు. బిస్కట్ల డబ్బా తెరిచి ఒక్కటి తీసుకోనిచ్చి, మూత పెట్టేశారు. మర్యాదలో ఎక్కడా లోపం లేదు.

"మా ఇంటికి ఇటుక గోడలొద్దండి. మిగతా అయిదిళ్ళకీ పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు" అంది ఫెన్నా.

"అలా ఒక ఇంటికో పద్ధతి కుదరదు ఫెన్నా గారూ. పడగ్గది అంటే పడగ్గదిలా ఉండాలి" అన్నాడు టోంకెన్స్.

"రాత్రిపూట పడగ్గదిలాగే ఉంటుందండీ. పగలు కూడా ఎందుకుండాలి?"

ఫోస్ మేడమ్ గొంతు సవరించుకుంది. "పెళ్ళీడు దాటిన ఆడమనిషి, మగమనిషి, ఇద్దరూ ఒకే హాల్లో..."

"ఆయన మా నాన్నండీ!"

"ఎవరైనా సరే. పద్ధతి పద్ధతే."

ఫెన్నా బిస్కట్ తినలేదు, పళ్ళెంలోనే వదిలేసింది. "ఆ మంచంమీంచి మా నాన్నకి కాలవ కనబడేది. ఇప్పుడు కనబడటం లేదు. అంతేనండీ నా గోల."

టోంకెన్స్ చెడ్డవాడేం కాదు. కాఫీ కప్పులోకి చూస్తూ కాస్త నొచ్చుకున్నాడు కూడా. "మంచం ముందుకి జరుపుకోవచ్చు కదా?"

"ముందువైపు గదిలో మీ కొత్త ప్లాను ప్రకారం బీరువా, స్నానాల గది వస్తాయిటగా. మంచం పట్టదని మీ వడ్రంగే చెప్పాడు."

"అయితే ఇక నేనేం చెయ్యలేను. అన్నట్టు, ఆ పట్టీలు మాత్రం తియ్యకండి. సంఘం ఆస్తిమీద చెయ్యి వేస్తే ఇల్లు ఖాళీ చెయ్యాలని నియమం ఉంది. నేను రాసింది కాదది."

"మరెవరు రాశారండీ?"

"నేనొక్కణ్ణే రాసింది కాదు" అన్నాడు టోంకెన్స్. తరవాత లేచి, గుమ్మం దాకా వచ్చి సాగనంపాడు. "శనివారం మీ నాన్నగారికి ఎనభై నిండుతాయి కదా. పళ్ళ బుట్ట పట్టుకుని నేనే స్వయంగా వస్తాను."

ఎనభై నిండిన ప్రతి అద్దెదారుకీ అధ్యక్షుడు పళ్ళ బుట్ట ఇవ్వడం ఆ సంఘంలో ఆనవాయితీ. ఆ ఆనవాయితీ మాత్రం ఆయనొక్కడే పెట్టాడు.

*

పుట్టినరోజంటే ఓస్టర్‌డీప్‌లో పిలవడాలుండవు. తెలిసినవాళ్ళంతా వస్తారు, రాకపోతే తప్పు. వచ్చినవాళ్ళంతా గది చుట్టూ గుండ్రంగా వేసిన కుర్చీల్లో కూర్చుంటారు. పుట్టినరోజు మనిషి కూడా ఆ వరసలోనే కూర్చోవాలి. కొత్తగా ఎవరొచ్చినా ముందు ఆయనకి, తరవాత వరసగా ఒక్కొక్కళ్ళకీ చెయ్యి కలిపి శుభాకాంక్షలు చెప్పాలి. కూతురికి "మీ నాన్నగారి పుట్టినరోజు శుభాకాంక్షలు" అని, పక్కింటావిడకి "మీ పక్కింటాయన పుట్టినరోజు శుభాకాంక్షలు" అని. ఎవర్నీ వదలకూడదు. ఎవరూ నిలబడి ఉండకూడదు. కుర్చీ చాలకపోతే ఆ ఇంటివాళ్ళకే నామోషీ.

గురువారం గోడ అవతలి ఇంటి యాంటినా బోల్ట్ ఆ సంగతే ఎత్తింది. నోటికి తాళం లేని మనిషి. ఆరిళ్ళలో ఇటుక గోడల కోసం అందరికన్నా గట్టిగా అరిచింది ఆవిడే. ఇద్దరూ ఎవరి గుమ్మం మెట్టు వాళ్ళు సబ్బునీళ్ళతో తోముతున్నారు.

"అయితే మీ నాన్న పుట్టినరోజు ఎక్కడ చేస్తావే? ఆయన కిందికి దిగలేడు. పైన ఆ మూల గదిలో నలుగురు కూర్చుంటే అయిదోవాడు ఒళ్ళో కూర్చోవాలి."

"దింపుతాంలే."

"ఎలా దింపుతావు? ఆ మెట్లు నిచ్చెనకి చెల్లెళ్ళు. పెద్ద ఇళ్ళకైతే కప్పు కింద బయటికి పొడుచుకొచ్చిన దూలం ఉంటుంది, తాడు కట్టి పియానోనైనా కిటికీలోంచి దింపేస్తారు. మీ ఎల్లెర్‌కాంప్ మహానుభావుడు దూలం కూడా పెట్టలేదు. లేకపోతే మీ నాన్నని బీరువాని దింపినట్టు దింపేవాళ్ళం, కాలవమీద పడవలన్నీ ఆగి చూసేవి!"

తన హాస్యానికి తనే పడీపడీ నవ్వింది. మామూలుగా అయితే ఫెన్నా అంతకి అంత అప్పజెప్పేది. ఇవాళ మాత్రం బ్రష్షు బకెట్లో ముంచి, అలాగే ఉండిపోయింది. తండ్రి కిందికి రాలేడు. అందరూ పైకి రావాలి. అందరూ పైకి రావాలంటే గోడలు తెరుచుకోవాలి. తెరిస్తే ఇల్లు పోతుంది. తెరవకపోతే, తన తండ్రి ఎనభయ్యో పుట్టినరోజు నాడు చీకటి గదిలో ఒక్కడే కూర్చుని, కింద ఎవరో కేకు తింటున్న చప్పుడు వింటాడు.

"యాంటినా, మీ ఇంట్లో పటకారు ఉందా?" అంది.

"ఉంది. ఎందుకూ?"

"కావాలి."

యాంటినా నవ్వు ఆగింది. "ఏమే, పిచ్చెక్కిందా? ఇల్లు ఖాళీ చేయిస్తారే!"

"చేయించనీ. శనివారం దాటాక చేయించనీ."

*

శుక్రవారం పొద్దున్నే మొదలుపెట్టింది. మడత పెట్టిన పాతబట్ట చెక్కమీద వేసి, దానిమీద పటకారు ఆనించి, మేకు తల పట్టి మెల్లిగా వెనక్కి వాల్చేది. మేకు కీచుమని అరిచి లేచేది. రూల్ఫ్ సరంగు మంచంమీద లేచి కూర్చుని టోపీ తీసి పట్టాడు. వచ్చిన మేకునల్లా ఫెన్నా అందులో వేసింది.

"అడ్డంగా లాగకే. తిప్పుతూ లాగు. పలక పగిలితే మళ్ళీ రాదు" అన్నాడు ముసలాయన. మూడు రోజుల తరవాత ఆయన నోట్లోంచి వచ్చిన పొడుగాటి మాట అది.

"నాకు నేర్పించకు నాన్నా."

"నేర్పించకపోతే పడవలో ఎలా పెరిగావే? నీ మంచం బల్లయ్యేది, బల్ల తలుపయ్యేది. నాలుగు పలకల మధ్య నలుగురం బతికాం. ఈ ఎల్లెర్‌కాంప్ ఎవడో గానీ, వాడు పడవ చూసినవాడే."

మొదటి గోడ వదులైంది. ఫెన్నా అరచేత్తో నెట్టింది. పట్టాలమీద అది గలగలా పోయి రెండోదాని వెనక చేరింది. తరవాత రెండోది. ముందువైపు అద్దాల్లోంచి జూన్ నెల ఎండంతా ఒక్కసారిగా మంచంమీద పడింది. ముసలాయన చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, కానీ కళ్ళు మూసుకోలేదు. లాకు దగ్గర ఒక పడవ నీళ్ళు నిండే దాకా ఆగి ఉంది. ఆయన మెడ చాచి దాన్నే చూస్తూ, అరచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. ఫెన్నా చూసి కూడా చూడనట్టు టోపీలోని మేకుల్ని డబ్బాలో పోసింది.

మెట్ల పక్కనున్న మూడో గోడ మేకులు మాత్రం రాలేదు. వడ్రంగి వాటి తలలు చెక్కలోకి దిగ్గొట్టేశాడు. అది లేకపోయినా చోటు సరిపోతుందిలే అని వదిలేసింది.

ఇక కుర్చీలు. ఫెన్నాకి తన ఇంట్లో ఉన్నవి చాలవు. యాంటినా, నోరెంత పెద్దదో మనసు కూడా అంత పెద్దదే, మొగుడు హిండ్రిక్‌ని పిలిచి ముఖమల్ కుర్చీ ఎత్తించింది. ఎర్ర ముఖమల్, చుట్టూ కుచ్చులు, సింహం కాళ్ళు. ఆవిడ తల్లి పెళ్ళికి ఇచ్చింది. హిండ్రిక్ కింద, యాంటినా పైన. మెట్ల మలుపు దాకా వచ్చి కుర్చీ ఇరుక్కుంది. పైకి రాదు, కిందికి పోదు.

"ఎత్తు!" అని యాంటినా.

"ఎత్తుతున్నాను!" అని కుర్చీ కిందనించి హిండ్రిక్.

"ఇంకా ఎత్తు!"

"ఇంకా ఎత్తితే నేను చస్తాను, రేపు రెండు కార్యక్రమాలు ఒకేసారి చేసుకోవచ్చు!"

ముసలాయన మంచంమీంచి గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు విని ఫెన్నాకి కడుపు నిండిపోయింది. చివరికి సింహం కాలొకటి మెట్టుకి కొట్టుకుని విరిగాక గానీ కుర్చీ కదల్లేదు, అదీ కిందికే.

"మీ ఎల్లెర్‌కాంప్ కుర్చీలేమయ్యాయి? ఇంటితోపాటు ఇచ్చినవి?" అడిగింది ఫెన్నా.

యాంటినా కొంగులాంటిది ఏదైనా ఉంటే మొహానికి అడ్డం పెట్టుకునేదే. ఏప్రన్ సర్దుకుంది. "ఆ చేపల పెట్టెలా? కోళ్ళ గూట్లో ఉన్నాయి. కోళ్ళు పడుకుంటాయి వాటిమీద."

ఎల్లెర్‌కాంప్ ప్రతి ఇంటికీ అలాంటి కుర్చీలు కొన్ని చేయించి ఇచ్చాడు. నాలుగైదు పలకలు, కొన్ని మరలు, అంతే. దిండు లేదు, కుచ్చు లేదు. ఎవరూ కూర్చోకుండానే వంకలు పెట్టారు. ఫెన్నా తండ్రి మాత్రం దానిమీదే రోజంతా కూర్చునేవాడు, వీపుకి ఆ వాలు హాయిగా ఉందని.

కోళ్ళ గూట్లోంచి యాంటినావి తీశారు. మూడో ఇంట్లో సైకిళ్ళ కొట్టంలోంచి తీశారు. అయిదో ఇంటావిడ రంగుడబ్బాలు పెట్టుకోడానికి వాడుకుంటోంది. ఒకావిడైతే తనవి లేవని ఒట్టేసి, కాసేపయ్యాక బొగ్గుల గదిలోంచి నల్లగా మసితో తీసుకొచ్చింది. ఆ కుర్చీల అవతారం చూసి ఓస్టర్‌డీప్ ఆడవాళ్ళు ఊరుకుంటారా? ఆరు గుమ్మాల ముందూ బకెట్లు వచ్చాయి, సోడా వచ్చింది, బ్రష్షులొచ్చాయి. పక్కావిడ కుర్చీకన్నా తన కుర్చీ తెల్లగా రావాలని ఒకళ్ళని చూసి ఒకళ్ళు తోమారు. మురికి పోయేకొద్దీ పలకల అంచులకి వేసిన రంగులు బయటపడ్డాయి. ఒకచోట ఎరుపు, ఒకచోట నీలం, ఒకచోట పసుపు.

"ఇదేమిటే, దీనికి రంగు కూడా ఉందా?" అంది యాంటినా, మోకాళ్ళమీద కూర్చుని. "ఇన్నాళ్ళూ కోడికి తెలిసింది నాకు తెలీలేదు."

ఆరినవాటిని ఆరినట్టే పైకి తీసుకుపోయారు. ఒక్కో ఆడమనిషి చేతికొకటి చొప్పున రెండేసి కుర్చీలు వేలాడేసుకుని, ఆ నిచ్చెనలాంటి మెట్లు ఎక్కేసింది. ఎక్కడా మలుపు తగల్లేదు, గోడ గీసుకోలేదు. హిండ్రిక్ కింద నిలబడి విరిగిన సింహం కాలు చేత్తో పట్టుకుని చూస్తున్నాడు.

*

శనివారం మధ్యాహ్నం కాఫీ వేళకి మేడమీద గుండ్రంగా వేసిన కుర్చీలు ఒక చివర కాలవవైపు అద్దాలనీ, ఇంకో చివర వెనక కిటికీనీ తాకాయి. లాకు మనిషి, అతని భార్య, రొట్టెలవాడు, ఆరిళ్ళవాళ్ళు, ఊళ్ళో స్థిరపడిన ముసలి సరంగులు. రూల్ఫ్ సరంగు నల్లకోటు వేసుకుని, తన పలకల కుర్చీలో కాలవకి ఎదురుగా కూర్చున్నాడు. ఫెన్నా ఆపిల్ కేకు ముక్కలు పంచుతోంది. ముఖం నవ్వుతోంది గానీ చెవులు మాత్రం మెట్లమీదే ఉన్నాయి.

పళ్ళ బుట్ట ముందు కనబడింది. తరవాత టోంకెన్స్ తల, ఆ తరవాత ఫోస్ మేడమ్ టోపీ. చివరి మెట్టుమీద ఇద్దరూ ఆగిపోయారు. తాము మూయించిన గోడలు లేవు. తాము కొట్టించిన పట్టీలు లేవు. ఆ చివరనించి ఈ చివర దాకా ఊరు కూర్చుని ఉంది.

కప్పులో చెంచా తిప్పుతున్న చేతులు ఆగాయి.

టోంకెన్స్ మొహం ఎర్రబడింది. నోరు తెరిచాడు. కానీ పుట్టినరోజు ఇంట్లో అడుగుపెట్టిన మనిషి శుభాకాంక్షలు చెప్పకుండా ఇంకోమాట ఎలా మాట్లాడతాడు? వెళ్ళి ముసలాయనకి చెయ్యి కలిపాడు. "శుభాకాంక్షలు." బుట్ట ఇచ్చాడు. ఫెన్నా ముందుకొచ్చాడు. ఆమె కళ్ళు దించలేదు. "మీ నాన్నగారి పుట్టినరోజు శుభాకాంక్షలు ఫెన్నా గారూ. మీతో తరవాత మాట్లాడాలి."

"అలాగేనండి. ముందు అందర్నీ పలకరించి రండి."

అందర్నీ పలకరించడమంటే మాటలా? లాకు మనిషి ఆయన చెయ్యి వదలకుండా నీటిమట్టం గురించి చెప్పాడు. రొట్టెలవాడు పిల్లల క్షేమం అడిగాడు. ఒక చెవిటి సరంగు ఆయన్ని వేరే ఎవరో అనుకుని భుజం తట్టాడు. యాంటినా "మీరే స్వయంగా వచ్చారే, ఎంత మంచివారండీ" అని గట్టిగా, అందరికీ వినబడేలా అంది. ఒక్కొక్క చేతికీ ఆయన కోపం కొంచెం కొంచెం కరిగిపోయింది. ఇంతమందికి నవ్వుతూ శుభాకాంక్షలు చెప్పిన నోటితో, వెంటనే ఇల్లు ఖాళీ చెయ్యమని ఎవరనగలరు? వెనకాలే ఫోస్ మేడమ్ కూడా చేతులు కలుపుకుంటూ వచ్చింది. అలవాటుకొద్దీ కుర్చీ పలక అంచున వేలు రాసింది. వేలికేమీ అంటలేదు.

మెట్ల పక్కన, మేకులు రాని మూడో గోడ దగ్గర రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. ఇద్దరూ కూర్చున్నారు. కేకు వచ్చింది, కాఫీ వచ్చింది. టోంకెన్స్ ముందు అంచున బిగుసుకుని కూర్చున్నాడు. కాసేపటికి వీపు వెనక్కి వాలింది. ఇంకాసేపటికి కాలుమీద కాలు వేసుకున్నాడు.

అప్పుడే కాలవమీద హారను మోగింది. రూల్ఫ్ సరంగు కుర్చీలోంచి సగం లేచాడు. "బెరెండ్! బెరెండ్ పడవే అది!"

బెరెండ్ ఆయన కొడుకు. తండ్రి పడవ ఇప్పుడు నడిపేది అతనే. వస్తాడో రాడో తెలీదు, సరుకు ఎక్కడ దింపాల్సి వస్తే అక్కడ ఉంటాడు. అతనొక్కడే వస్తే ఏ గొడవా లేకపోను. పెళ్ళాం, పిల్లలు, వెనక రెండు పడవల్లోంచి మరో రెండు కుటుంబాలు, వాళ్ళలో ఒకావిడ రూల్ఫ్ పాత స్నేహితుడి భార్య, కర్ర ఊతంగా నడిచే ముసలావిడ. అందరూ మెట్లమీద వరసకట్టారు. పైన వచ్చినవాళ్ళు వరసగా చేతులు కలుపుతుంటే వెనకవాళ్ళు మెట్లమీదే ఆగిపోయారు. పిల్లలు ఎలాగో నేలమీద కూలబడ్డారు. పెద్దవాళ్ళకి మాత్రం కుర్చీ వెయ్యడానికి అంగుళం చోటు లేదు. కర్ర ముసలావిడ చివరి మెట్టుమీద, టోంకెన్స్ మోకాలి పక్కనే, రొప్పుతూ నిలబడిపోయింది.

ఫెన్నా కేకు పళ్ళెం కింద పెట్టి చుట్టూ చూసింది. ఇంత చేసీ, ఆఖరికి వచ్చినవాళ్ళు నిలబడే ఉండాలా?

రూల్ఫ్ సరంగు గొంతు వినబడింది. పడవ ఒడ్డుకి కట్టించే గొంతు అది. పెద్దగా లేదు, కానీ కాదనడానికి వీల్లేనట్టు ఉంది.

"టోంకెన్స్ గారూ, మీరు గోడ పక్కనే ఉన్నారు. కాస్త ఆ గోడ జరుపుతారా? పాపం ఆవిడ నిలబడి ఉంది."

ఫోస్ మేడమ్ కేకు ముక్క నోటిదాకా తీసుకెళ్ళి ఆపేసింది. టోంకెన్స్ గోడని చూశాడు, ముసలావిడని చూశాడు. పుట్టినరోజు మనిషి అడిగిన మొదటి మాట అది.

"దీనికి మేకులున్నాయండీ" అన్నాడు ఆఖరికి.

"ఆ సంగతి తెలుసు. అమ్మాయ్, వారికి పటకారు ఇవ్వు."

ఫెన్నా ఇచ్చింది. టోంకెన్స్ కోటు విప్పి ఫోస్ మేడమ్ ఒళ్ళో పెట్టాడు. మోకాళ్ళమీద కూర్చున్నాడు. మేకు తల అందలేదు. జారింది. మళ్ళీ పట్టాడు, మళ్ళీ జారింది. "ఇంత లోపలికి ఎవడు కొట్టాడయ్యా!" అన్నాడు విసుగ్గా. ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన మెడ ఎర్రబడింది, కానీ వదల్లేదు. పట్టీని చివరనించి పైకి లేపాడు. చెక్క పళ్ళు కొరికినట్టు శబ్దం చేసి, మేకులతో సహా ఊడి చేతిలోకి వచ్చింది. ఇంకో చివర హిండ్రిక్ పట్టుకున్నాడు. పట్టీ మొత్తం లేచిపోయింది.

టోంకెన్స్ లేచి నిలబడి, చొక్కా చేతులు పైకి మడిచి గోడని బలంగా తోశాడు. అంత బలం అక్కర్లేదని ఆయనకి తెలీదు. అది చేతిలోంచి తప్పించుకుని గలగలా పరిగెత్తి, మిగతా రెండు గోడల వెనక ఠక్కున చేరింది. అవతల మూసుకుపోయిన చోటంతా తెరుచుకుని, మెట్లమీద నిలబడ్డవాళ్ళ మొహాలమీదికి ఎండ వచ్చింది. ఆయన ఆశ్చర్యంగా తన చెయ్యి చూసుకున్నాడు. వెళ్ళి గోడని మళ్ళీ కొంచెం లాగాడు, ఈసారి ఒక్క వేలితో తోశాడు. అది ఒక్క వేలికే కదిలింది.

"అబ్బా" అన్నాడు టోంకెన్స్.

కుర్చీలు జరిగాయి. గుండ్రం పెద్దదైంది. ముసలావిడని టోంకెన్స్ తన కుర్చీలోనే కూర్చోబెట్టి, కింద ఇంకోటి ఉంటే తనే వెళ్ళి చేత్తో వేలాడేసుకుని తెచ్చుకున్నాడు. ఎక్కి వచ్చి కూర్చున్నాక ఫోస్ మేడమ్ ఆయన చెవి దగ్గరికి వంగింది. ఆవిడ గుసగుసలాడితే వీధి చివరికి వినబడుతుంది.

"మరి సోమవారం తాపీవాళ్ళ సంగతేమిటండీ?"

టోంకెన్స్ కేకు ముక్క పూర్తిగా నమిలి మింగాడు.

"ఏ తాపీవాళ్ళు?" అన్నాడు.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. తరవాత అందరికీ ఒకేసారి అర్థమైంది. యాంటినా కప్పు కింద పెట్టి లేచింది. గది దాటి ఫెన్నా దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచింది. "నీ గోడకి శుభాకాంక్షలు ఫెన్నా!" వెనకాల హిండ్రిక్ లేచాడు. లాకు మనిషి లేచాడు. సరంగులు లేచారు. "మీ అమ్మాయి గోడకి శుభాకాంక్షలు రూల్ఫ్ గారూ!" "మీ అక్కయ్య గోడకి శుభాకాంక్షలు బెరెండ్!" అని ఒకళ్ళ చేతులొకళ్ళు పట్టుకుని ఊపేశారు. పద్ధతి తప్పని మనిషి కాబట్టి టోంకెన్స్ కూడా లేచి, వరసలో ఒక్కొక్కళ్ళకీ మళ్ళీ చెయ్యి కలపాల్సి వచ్చింది. ఫెన్నా దగ్గరికి వచ్చేసరికి ఆమె ఏడుస్తోంది, నవ్వుతోంది. ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. "మాట్లాడాలన్నారు" అంది.

"ఆ. కాఫీ చాలా బాగుందండి" అన్నాడాయన.

భోజనాల వేళకి అలవాటు ప్రకారం అంతా లేచారు. యాంటినా ఒక్కతే వెనకబడింది. అటూ ఇటూ చూసి, కిటికీ గట్టుమీది పటకారు తీసి ఏప్రన్ జేబులో వేసుకుంది.

"అది నీదేగా, దొంగలా తీస్తావేం?" అంది ఫెన్నా.

"నోర్ముయ్. మా గోడకి చిన్న మరమ్మతు ఉంది" అంది యాంటినా, మొహం చూపించకుండా మెట్లు దిగిపోతూ. ఆదివారం ప్రార్థన అయినప్పట్నించీ ఆ వరసలో ఒక ఇంట్లో కాకపోతే ఒక ఇంట్లో మేకులు కీచుమంటూనే ఉన్నాయి.

సోమవారం తాపీవాళ్ళెవరూ రాలేదు. వాన మొదలైంది. ఫెన్నా డాక్టరుగారింటి తడి దుప్పట్లు పైకి తెచ్చి, గోడలన్నీ తోసేసి, ఈ చివరనించి ఆ చివర దాకా తాడు కట్టి ఆరేసింది. చాలా రోజుల తరవాత హాయిగా కూనిరాగం తీస్తోంది.

"అమ్మాయ్!" అని వెనకనించి కేక వినబడింది.

"ఏంటి నాన్నా?"

"ఆ దుప్పటి తియ్యవే ముందు! పడవ కనబడి చావటం లేదు!"